అంట్ల గట్టుమీద కుండ

ధనంజయ ఆ రోజుకు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే లేవాలి, పెరట్లో గట్టుమీద కూర్చుని పళ్లు తోముకోవాలి, అమ్మ కుండలోంచి ఇంత సద్ది తినాలి, కాసేపు అంగడి తెరిచి మిక్సీలు రిపేరు చేసుకోవాలి, ఎండ ముదరకముందే తిరుపతి బస్టాండుకు పోయి అమ్మను ఇంటికి తెచ్చుకోవాలి. అంతే. పెద్ద ప్లాన్లు చెడతాయి గానీ చిన్నవి చెడవని మనిషికి ఒక వెర్రి నమ్మకం.

ధనంజయ తల్లి మునెమ్మ నెల కిందట పూతలపట్టులో కూతురు వసంతమ్మ ఇంటికి పోయింది. మనవరాలికి కాన్పు. పోయేముందు కొడుకును వంటింట్లోకి పిలిచి, మూలనున్న మట్టికుండ చూపించింది.

"రే ధనంజయా, నాకు నగలూ నట్రా లేవు. ఉండేది ఇదొకటే. రోజూ రాత్రి సంగటిముద్ద ఏసి, నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టు. పొద్దున తిన్నాక అడుగున ఇన్ని పుల్లనీళ్లు మిగిల్చు. ఆ నీళ్లే మళ్లా రాత్రి ముద్దను పులియబెడతాయి. మా అత్త నా చేతికిచ్చిన నీళ్లురా ఇవి. ఒక్కనాడు ఎండనీలేదు. నేనొచ్చేలోగా ఈ కుండ సచ్చిందంటే నీ గడప తొక్కను. వసంత ఇంట్లోనే ఉండిపోతా."

మునెమ్మ ఊరికే అనే మనిషి కాదు. పెళ్లయిన కొత్తలో మొగుడు ఓబయ్య కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. ఆయన పోయేదాకా ప్రతి పూటా కంచం పక్కన ఉప్పుడబ్బా పెట్టింది. ఆయన మళ్లీ నోరెత్తలేదు, ఆ డబ్బా మూత కూడా ఎత్తలేదు.

ధనంజయ కుండను కంటికి రెప్పలా చూసుకున్నాడు. పెళ్లాం లోకేశ్వరికి కూడా అప్పగించలేదు. ఆ కుండంటే అతనికి అమ్మంత. చంద్రగిరిలో వాళ్లు బాడుగింట్లో ఉన్న రోజుల్లో తెల్లారకముందే ఆ కుండ గుడ్డ విప్పిన వాసనకే పిల్లలకు మెలకువ వచ్చేది. మునెమ్మ సంగటిముద్దను చేత్తో చిదిమి, మజ్జిగ పోసి, ఉప్పు రాల్చి, గిన్నెల్లో పోసేది. పక్కన సెనక్కాయల ఊరుబిండి పచ్చడి. ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, గడపమీద పెట్టి గుద్దితే నాలుగు చెక్కలయ్యేది. పొయ్యి ముట్టించే పని లేదు, పొగ లేదు, ఆలస్యం లేదు. తాగినోడు తాగినట్టు పనికి పోయేవాడు. ఓబయ్య మట్టిపనికి, మునెమ్మ సెనక్కాయల కోతకు, ధనంజయ ముందు బడికి, ఆ తర్వాత బడి వద్దనుకుని మెకానిక్కు షాపుకు. మధ్యాహ్నం దాకా ఆకలి అనే మాట ఎవరి నోటా వచ్చేది కాదు. ఇప్పుడు డాక్టర్లు అదే నీళ్లకు నోరు తిరగని పేరు పెట్టి, పొట్టకు మంచిదని చీటీ రాసి ఫీజు తీసుకుంటున్నారు. మునెమ్మ ఎవరి దగ్గరా ఫీజు తీసుకోలేదు. అందుకే ఆమె మాట ఎవరూ రాసుకోలేదు.

అమ్మ వచ్చే ముందురోజు రాత్రి ధనంజయకు ఒక ఆలోచన వచ్చింది. కుండ బయటంతా సంగటి చారికలు కట్టింది, తుడిచి పెడితే అమ్మ మురిసిపోతుంది కదా అని. కుండను జాగ్రత్తగా ఎత్తుకుపోయి, పెరట్లో అంట్లు తోమే గట్టుమీద పెట్టి, తడిగుడ్డ కోసం లోపలికి వచ్చాడు. లోపల టీవీలో క్రికెట్టు ఆఖరి ఓవర్లలో ఉంది. ఆట గెలిచారు. ఆ సంతోషంతో పడుకున్నాడు.

పొద్దున లేచి పెరట్లోకి పోతే కుండ గట్టుమీద బోర్లా ఉంది. ఎర్రగా, నిగనిగలాడుతూ, కొత్తపెళ్లికూతురిలా.

"మే, లోకేశ్వరీ! కుండ తోమినావా?"

"తోమినా. అద్దం మాదిరి ఉండాది సూడు." ఆమె పీచు జాడిస్తూ తల తిప్పకుండానే చెప్పింది.

"లోపలుండే నీళ్లు?"

"ఎదురింటోళ్ల బర్రెకు పోసినా. గుక్క తిప్పుకోకుండా తాగింది, పాపం."

"అది మాయమ్మ కుండమే!"

లోకేశ్వరి చేతిలో పీచు ఆగింది. ఒక్క క్షణమే. "కుండ ఎవురిదో సీకట్లో నాకెట్ల తెలిసేది? బోకులు తోమే గట్టుమీద ఉండేదంతా తోముతా. కాపురానికొచ్చినప్పట్నించి అదే పని జేస్తాండా. నువ్వు కూసోనుంటే నిన్ను గూడా తోముండేదాన్ని. ఆడ పెట్టిందెవురు?"

ఆడ పెట్టిందెవరో ఇద్దరికీ తెలుసు. ధనంజయ పళ్లు తోముకోవడం మర్చిపోయి కుండలోకి ముక్కు పెట్టాడు. నిమ్మకాయ సబ్బు వాసన.

ఇంతలో కూతురు లోహిత బ్యాగు తగిలించుకుని వచ్చింది. ఆమెకు శ్రీ సిటీలో ఉద్యోగం. కంపెనీ బస్సు సందు చివరికి వచ్చి రెండు హారన్లు కొడుతుంది, మూడోది కొట్టదు. రోజూ గ్లాసుడు సద్ది నిలబడి తాగి పరిగెత్తడం ఆ పిల్లకు అలవాటు.

"నాయనా, నా సద్ది?"

"బర్రె తాగింది" అన్నాడు ధనంజయ.

లోహిత కుండను చూసి, అమ్మను చూసి, నాన్నను చూసి, బిస్కెట్టు పాకెట్టు తీసుకుంది. గడప దగ్గర తిరిగి, "అవ్వకు ఏం జెప్తావో గానీ, నేను రాత్రికి లేటుగా వస్తా. గొడవంతా అయినాక" అని వెళ్లిపోయింది.

"దోసెపిండి ఉండాది, రోంత కలుపుదామా?" అంది లోకేశ్వరి మెత్తబడి.

"ఒక్క గుక్కలో కనిపెడతాది మే. ఆమె నోరు నోరు కాదు, లేబరేటరీ."

అప్పుడు అతనికి వహీదున్నీసా గుర్తొచ్చింది. చంద్రగిరిలో గోడ పక్క గోడ. ఆమె మొగుడు కాశింవలికి కడుపులో మంటగా ఉందంటే, మునెమ్మ తన కుండలోంచి చెంబుడు పుల్లనీళ్లు ఇచ్చింది. ఆ నీళ్లతోనే వహీదున్నీసా ఇంట్లోనూ ఒక కుండ మొదలైంది. చాలా ఏళ్లు ఇద్దరూ గోడమీదుగా ఊరుబిండి మార్చుకున్నారు. తర్వాత ఒకరోజు వహీదున్నీసా రాత్రిపూటే కుండలో ఉప్పు వేస్తుందని మునెమ్మకు తెలిసింది. ఉప్పేసేది పొద్దున, గిన్నెలో. కుండలో వేస్తే నీళ్లు చచ్చిపోతాయని మునెమ్మ. చావలేదు కదా అని వహీదున్నీసా. "మా అత్త నీళ్లను ఉప్పుకాలవ జేసినావు" అని మునెమ్మ గోడ దిగిపోయింది. ఆ తర్వాత వీళ్లు తిరుపతికి మారారు. ఇద్దరికీ మళ్లీ మాటల్లేవు. పొలం గట్టు కోసం మాట్లాడుకోని అన్నదమ్ములను అందరూ చూసి ఉంటారు. చిటికెడు ఉప్పు కోసం మాట్లాడుకోని వాళ్లు వీళ్లిద్దరే.

ధనంజయ స్కూటర్ తీశాడు. అమ్మ పూతలపట్టులో బస్సెక్కేలోగా తెచ్చి కుండలో పోసేస్తే సరి.

వహీదున్నీసా ఇల్లు మారలేదు. పెంకులు మాత్రం ఇంకొంచెం కిందికి జారాయి. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూసి, "అరె, మునెమ్మక్క కొడుకా! ఎంత లావైనావు బేటా! రా, కూసో" అంది. విషయం చెప్పబోతే, "ముందు తిను. ఖాళీ కడుపుతో చెప్పే మాట నేను ఇనను" అని గిన్నె ముందు పెట్టింది.

చల్లని సద్ది. పక్కన ఊరుబిండి. ఆమె కూడా ఎర్రగడ్డను గడపమీద పెట్టి గుద్దింది. మొదటి గుక్కకే ధనంజయ మెడ వెనకాల ఏదో కదిలింది. కళ్లు మూసుకుంటే గోడ అవతల అమ్మ పిలుస్తున్నట్టుంది, నాయన తువ్వాలు దులుపుతున్నట్టుంది, బడి గంట కొట్టినట్టుంది. బడి గంట అనగానే పాత అలవాటుగా ఇంకో గిన్నె అడిగాడు. వచ్చిన పని రెండో గిన్నె అడుగున గుర్తొచ్చింది.

కథంతా విని వహీదున్నీసా చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఇస్తా బేటా. మీ అమ్మదే కదా. మా ఆయన పోయినాడు, ఆయన కడుపుమంట పోయింది, ఈ నీళ్లు మాత్రం నాతోనే ఉండాయి. అయితే మీ అమ్మకు తెలిస్తే తాగదు" అంది.

"తెలియనీయను పిన్నమ్మా."

ఆమె చిన్న ముంతలో పుల్లనీళ్లు పోసి, దారిలో ఆకలి కాకుండా అన్నట్టు గుప్పెడు రాగిపిండి కలిపి, మూతికి గుడ్డ కట్టింది. "మూత బిగించొద్దు. దానికి ఊపిరాడల్ల" అని మరీ చెప్పింది.

వీధి చివర మొదటి స్పీడు బ్రేకరుకే ముంతలో నీళ్లు ఎగిరి ధనంజయ ప్యాంటుమీద పడ్డాయి. రెండో స్పీడు బ్రేకరు దాకా పోతే ముంతలో గుడ్డ తప్ప ఏమీ మిగలదనిపించింది. అంగట్లో ఒక కూల్‌డ్రింకు కొని, తాగడానికి టైము లేక కాలవలో పారబోసి, ఆ సీసాలోకి నీళ్లు వంచుకున్నాడు. మూత పెట్టాడు. మామూలుగా పెట్టలేదు. జీవితమంతా మిక్సీ జార్లు బిగించిన చేయి అది. సీసాను సీటు కింద డిక్కీలో పెట్టి, ముంతను తిరిగి ఇచ్చేసి, మెయిన్ రోడ్డుకొచ్చాడు.

రోడ్డెక్కగానే వెనక టైరు పంచరైంది.

పంచరు కొట్టులో అతనికి ముందు రెండు ట్రాక్టరు టైర్లున్నాయి. స్కూటర్‌ను ఎండలో స్టాండు వేయించారు. చిత్తూరు వైపు ఎండ సంగతి వేరే చెప్పాలా? సీటుమీద చేయి పెట్టలేనంత. కింద సీసాలో రాగిపిండి తిన్న పుల్లనీళ్లు చీకట్లో, వెచ్చగా, ఊపిరాడక ఉన్నాయి. ధనంజయ మాత్రం నీడన కూర్చుని ఫోను ఎత్తాడు.

"నీళ్లు దొరికినాయా?" అంది లోకేశ్వరి.

"దొరికినాయి. పంచరైంది."

"కుండకు వాసన రావాలని లోపల దోసెపిండి పూసినా."

"వచ్చిందా?"

"దోసె వాసన వస్తాండాది" అందామె. అబద్ధం చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఆమెకు లేదు.

పంచరు వేసి గాలి పట్టే సమయానికి పూతలపట్టు నుంచి వచ్చే బస్సు చంద్రగిరి స్టాపులో ఆగింది. ధనంజయ హెల్మెట్టు పెట్టుకుని మొహం దాచుకునేలోగా కిటికీలోంచి కేక వినిపించింది.

"ఆపు నాయనా! ఆపు! మా పిల్లోడు నా కోసం ఈడిదాకా వచ్చినాడు!"

మునెమ్మ బస్సు దిగింది. ఒక చేతిలో గుడ్డసంచి, ఇంకో చేతిలో మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి చెంబు. కొడుకును చూసి ఆమె కళ్లు తడిశాయి. "తిరుపతిలో నిలబడితే సాలదా? ఈ ఎండలో ఇంతదూరమా?" అని కొంగుతో అతని మొహం తుడిచింది.

ధనంజయకు ఏడుపొచ్చింది. అది తల్లి ప్రేమకని పంచరు కొట్టువాడు అనుకున్నాడు.

"చెంబిట్లా ఇయ్యి మా, డిక్కీలో పెడతా" అన్నాడు, అనగానే డిక్కీలో ఏముందో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

"వద్దు. ఇది నా ఒళ్లోనే ఉండల్ల." ఆమె సీటుమీద పక్కకు తిరిగి కూర్చుంది, చెంబును రెండు చేతులా పట్టుకుని. "పోదాం పా. కుండ బాగుండాదా?"

"అద్దం మాదిరి ఉండాది" అన్నాడు ధనంజయ.

బండి వంద గజాలు పోలేదు. ఢిల్లీబాబు టీ కొట్టు ముందు గుంత వచ్చింది. గుంతలో చక్రం పడింది. సీటు కింద ఢామ్మని పేలింది.

మునెమ్మ జానెడు ఎగిరి మళ్లీ సీటుమీదే పడింది. చెంబు తొణకలేదు. "ఇప్పుడే గదరా పంచరేయించినావు!" అంది.

ఇద్దరూ దిగి చూశారు. టైరు బాగానే ఉంది. సీటు సందుల్లోంచి మాత్రం బూడిదరంగు నురగ బుసబుసమంటూ కారి, ఇంజనుమీద పడి ఆవిరి లేచింది. టీ తాగుతున్నవాళ్లలో ఎవరో, "పెట్రోలు కారతాండాదబ్బా! పొగొస్తాండాది!" అని అరిచారు. ఆ మాట పడిందే ఆలస్యం, గ్లాసులు బెంచీమీద, మనుషులు రోడ్డు అవతల. ఢిల్లీబాబు ఒక్కడే పారిపోలేదు. అతని పొయ్యి వెలుగుతోంది, పక్కనే సిలిండరుంది, కొట్టు వదిలి ఎక్కడికి పోతాడు? గ్లాసులు కడిగే బక్కెట్టు ఎత్తుకొచ్చి స్కూటర్‌మీద కుమ్మరించాడు. రోడ్డు పక్క ఇసుక దోసిళ్లతో ఎత్తిపోశాడు. ఇసుకలో సగం ధనంజయమీద పడింది.

"యామ్మా, దూరం పో! పేల్తాది!" అని అరుస్తున్నాడు.

మునెమ్మ దూరం పోలేదు. ఆమె ముక్కు పైకి లేచింది. ఒకసారి గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. వంగి, సీటు అంచున కారుతున్న నురగను వేలితో తీసి, నాలికమీద పెట్టుకుంది.

"ముసిలామె పెట్రోలు తాగతాండాది!" అని రోడ్డు అవతల నుంచి ఒకాయన గుండెలు బాదుకున్నాడు.

మునెమ్మ కళ్లు మూసుకుంది. "నా నీళ్లే" అంది. తర్వాత కళ్లు తెరిచింది. "ఉప్పేసుండారు. ఇది వహీదా కుండది. దాని నీళ్లు నీ బండిలో ఎందుకుండాయిరా? నా కుండ యాడ?"

ధనంజయ తలమీద ఇసుక దులుపుకున్నాడు. చెప్పడానికి ఏముంది? అయినా చెప్పాడు. గట్టు, క్రికెట్టు, పీచు, బర్రె.

మునెమ్మ అరవలేదు. అరిచి ఉంటే అతనికి కొంచెం బాగుండేది. చెంబును గుండెకు ఇంకాస్త దగ్గరగా తీసుకుంది. "నువ్వు ఇట్ల జేస్తావని నాకు తెలుసురా. అందుకే పోయేటప్పుడే సగం నీళ్లు ఈ చెంబులో పోసుకోని పోయినా. వసంత ఇంట్లో ఓట్సు, గీట్సు అని పోరు పెట్టినా, నెలంతా దీంట్లోనే ముద్ద ఏసుకోని తాగినా. నాకు కుండ ఉండాది. నీ ఇల్లే లేదింక. రోడ్డు దాటించు, పూతలపట్టు బస్సెక్కుతా."

"మా..."

"దాటించు!"

ధనంజయ తల్లి చేయి పట్టుకున్నాడు. ఎన్నోసార్లు పట్టుకున్న చేయే. చిన్నప్పుడు ఇదే రోడ్డుమీద ఆమె అతన్ని దాటించేది, బడి వైపుకు. అతను మెకానిక్కు షాపు వైపు లాగేవాడు. ఈసారి ఇద్దరూ ఎటూ లాగడం లేదు.

సరిగ్గా అప్పుడు ఇంజనుమీద ఇంకోసారి ఆవిరి లేచింది. ఢిల్లీబాబు బక్కెట్టు ఖాళీ. ఇసుక అయిపోయింది. చుట్టూ చూశాడు. ముసలామె చేతిలో చెంబు కనపడింది. "ఇటియ్యి యామ్మా, దేవుడు మేలు జేస్తాడు!" అని లాక్కుని, గుడ్డ పీకి, ఆఖరి చుక్కదాకా స్కూటర్‌మీద పోసేశాడు.

ఆవిరి చల్లారింది. ఢిల్లీబాబు చెమట తుడుచుకుని, "ప్రాణాలు దక్కినాయి" అన్నాడు. రోడ్డు అవతలివాళ్లు వచ్చి అతని భుజం తట్టారు. టీలు మళ్లీ మొదలయ్యాయి.

మునెమ్మ ఖాళీ చెంబులోకి చూసింది. అటు ఉప్పు లేని నీళ్లు, ఇటు ఉప్పున్న నీళ్లు, రెండూ కలిసిపోయి స్కూటర్ కింద నుంచి తారురోడ్డు మీదుగా కాలవలోకి పోతున్నాయి. ఆమె ఆ ధారనే చూస్తూ నిలబడింది. పూతలపట్టు బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ఆమె ఎక్కలేదు. కుండ పోగొట్టుకుని వచ్చిందని కూతురి ఇంట్లో మాత్రం ఏమని చెప్పుకుంటుంది?

"రే ధనంజయా."

"మా."

"వహీదా కుండలో ఇంకా ఉండాయా?"

"ఉండాయి మా. నాకు రెండు గిన్నెలు పోసింది."

"తిన్నావా?" ఆమె గొంతు మారింది. "ఎట్లుండాది?"

"నువ్వు కలిపినట్టే ఉండాది."

మునెమ్మ ముక్కు ఎగబీల్చింది. ఆ మాట ఆమెకు నచ్చిందో లేదో చెప్పడం కష్టం. "పా" అని, స్కూటర్ ఎక్కకుండా నడిచే పోయింది.

వహీదున్నీసా గుమ్మంలోనే ఉంది. ఒంటినిండా ఇసుకతో ధనంజయ, ఖాళీ చెంబుతో మునెమ్మ. వీళ్లిద్దరినీ చూశాక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"మూత బిగించినాడా?" అంది.

"బిగించినాడు" అంది మునెమ్మ.

ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవే. ఇద్దరూ కలిసి ఒకేసారి ధనంజయ వైపు చూశారు. స్నేహం కలవాలంటే తిట్టడానికి మధ్యలో ఒకడుండాలి.

వహీదున్నీసా కుండ గుడ్డ విప్పింది. చెంబు నింపబోయి ఆగింది. "ఉప్పుండాది అక్కా."

"సచ్చినాయా నీళ్లు?"

"సావలేదు."

"మరింకేం. పొయ్యి" అంది మునెమ్మ. గడపమీద కూర్చుని, "ఎర్రగడ్డ ఉండాదా?" అని అడిగింది. తర్వాత ఇద్దరూ ఒక గిన్నెలోంచి ఒకరు, ఇంకో గిన్నెలోంచి ఒకరు తాగుతూ, పాత వీధిలో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకున్నారు. ఓబయ్య ఉప్పుడబ్బా కథ చెప్పి మునెమ్మ నవ్వింది. కాశింవలి కడుపుమంట కథ చెప్పి వహీదున్నీసా నవ్వింది. పోయినవాళ్లందరూ ఈ నీళ్లు తాగినవాళ్లే. నవ్వి నవ్వి ఇద్దరూ కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. ధనంజయ గోడకానుకుని వింటూ, తన ఒంటిమీద ఇసుక సంగతి కూడా మర్చిపోయాడు.

లేచేటప్పుడు వహీదున్నీసా అడిగింది, "పూతలపట్టుకు పోతావా అక్కా?"

"ఆడినించి నీ ఇంటికి రావాలంటే బస్సులో నడుములు ఇరుగుతాయి. తిరుపతి నుంచైతే వీడు దింపతాడు" అంది మునెమ్మ, కొడుకు వైపు చూడకుండా.

ఇంటికి చేరేసరికి లోకేశ్వరి దోసెపిండి కడిగేసి, కుండను ఎండలో ఆరబెట్టి, గడప దగ్గర నిలబడి ఉంది. మునెమ్మ కుండలోకి ముక్కు పెట్టి చూసి, "బాగా తోమినావు మే. బయట చారికలు నాకూ పోయేవి గావు" అంది. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆ ఇంట్లో ఎవరికీ దక్కలేదు. రాత్రి సంగటిముద్ద వేసి, వహీదున్నీసా నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టి, కుండను మూలన తన మంచం పక్కనే పెట్టుకుంది.

తెల్లారి లోహిత నిలబడి గ్లాసుడు సద్ది తాగి, "అవ్వా, ఈసారి ఉప్పు సరిపోయింది" అని రెండో హారనుకు పరిగెత్తింది. మునెమ్మ తన గిన్నెలో ఉప్పు రాల్చకుండానే తాగింది.

ధనంజయ మాత్రం లోకేశ్వరి పీచుకు భయపడి, ఆ రోజు నుంచి పళ్లు తోముకోవడానికి గట్టుమీద కూర్చోవడం మానేశాడు.